స్టాండ్‌బై ఆగట్లేదా, ఇంకా ఆగలేదా? పోస్ట్‌గ్రెస్ షట్‌డౌన్ లోపల జరిగే కథ

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మైనర్ రిలీజులు (చిన్న సవరణల వెర్షన్లు) ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరుల్లో రెండో గురువారం వస్తాయి. ఆ వారాంతం డీబీఏలు (డేటాబేస్‌లు చూసుకునేవాళ్ళు) అందరూ ప్యాచింగ్ పనిలో ఉంటారు, అమెరికా క్లయింట్లున్న హైదరాబాద్ టీములకైతే అక్కడి శుక్రవారం రాత్రి అంటే ఇక్కడ శనివారం పొద్దున్నే, టిఫిన్ టైమ్. ముందు స్టాండ్‌బైని, అంటే అసలు సర్వర్ అయిన ప్రైమరీకి కాపీగా నడిచే సర్వర్‌ని, ఆపి కొత్త బైనరీలు పెట్టి లేపుతాం, అది బాగుంటే అప్పుడు ప్రైమరీ మీద చెయ్యేస్తాం, ఇదీ పద్ధతి. ఆ మొదటి మెట్టు మీదే చాలామంది ఇరుక్కుంటారు. స్టాప్ కొడతాం, స్క్రీన్ మీద చుక్కలు ఒక్కొక్కటే పడుతుంటాయి, నిమిషం అయ్యాక "సర్వర్ డజ్ నాట్ షట్ డౌన్" అని పీజీ_సీటీఎల్, అంటే పోస్ట్‌గ్రెస్‌ని లేపే, ఆపే కమాండ్, చేతులెత్తేస్తుంది. వెంటనే గ్రూప్‌లో ఎవరో ఒకరు "కిల్ మైనస్ 9 కొట్టెయ్ బాస్, స్టాండ్‌బైయే కదా" అంటారు, సర్దుకునే అవకాశం ఇవ్వకుండా ప్రాసెస్‌ని అక్కడికక్కడే చంపే కమాండ్ అది. ఇంకొకరు "అమ్మో వద్దు, డేటా పోతుంది" అంటారు. ఇద్దరూ సగం సగం కరెక్టే, ఆ సగాలు ఏంటో తెలియాలంటే ముందు ఆ మెసేజ్ అసలు ఎవరు ఎందుకు ఇచ్చారో చూడాలి.

"ఆగట్లేదు" అన్నది సర్వర్ మాట కాదు

పీజీ_సీటీఎల్ చేసే పని చాలా చిన్నది. డేటా డైరెక్టరీలో పోస్ట్‌మాస్టర్ డాట్ పిడ్ అని ఒక ఫైల్ ఉంటుంది, దాంట్లోంచి మెయిన్ ప్రాసెస్ నంబర్ చదివి, ఆ ప్రాసెస్‌కి ఒక సిగ్నల్ పంపి, ఆ ఫైల్ మాయమవుతుందా లేదా అని చూస్తూ కూర్చుంటుంది. డిఫాల్ట్‌గా 60 సెకన్లు చూస్తుంది. ఈలోపు ఫైల్ పోకపోతే ఫెయిల్డ్ అని చెప్పి తను వెళ్ళిపోతుంది, అంతే. సిగ్నల్ మాత్రం సర్వర్‌కి అందే ఉంటుంది, అది తన ఆగే పనిలో తను ఉంటుంది, పీజీ_సీటీఎల్ వెళ్ళిపోయిందని దానికి తెలీదు కూడా. అంటే ఆ మెసేజ్‌కి అసలు అర్థం "నాకు ఓపిక అయిపోయింది" అని. వెర్షన్ 10 నుంచి అదే ఫైల్‌లో 8వ లైన్‌లో స్టేటస్ రాసి ఉంటుంది, అక్కడ "స్టాపింగ్" అని కనబడితే సర్వర్ మన మాట విన్నట్టే. ఇక తేల్చుకోవాల్సింది ఒక్కటే, అది ఎవరికోసం ఎదురుచూస్తోంది అని.

లోపల ఎవరెవరు ఉంటారు

ప్రైమరీలో జరిగే ప్రతి మార్పూ ముందు వాల్ అనే చిట్టాలోకి ఎక్కుతుంది. ఆ చిట్టాని తెప్పించుకుని తన కాపీ మీద అదే వరుసలో మళ్ళీ ఆడించేదే స్టాండ్‌బై. తెప్పించే పని వాల్ రిసీవర్‌ది, ఆడించే పని స్టార్టప్ ప్రాసెస్‌ది. ఈ స్టార్టప్ అన్న పేరు కొత్తవాళ్ళని బాగా తికమక పెడుతుంది, ప్రైమరీలో అది లేచేటప్పుడు పనిచేసి వెళ్ళిపోతుంది గానీ స్టాండ్‌బైలో సర్వర్ బతికున్నంతకాలం అది ఉంటుంది, పీఎస్ లిస్టులో (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా) "స్టార్టప్ రికవరింగ్" అని వాల్ ఫైల్ పేరుతో సహా కనిపిస్తుంది, "ఇంకా స్టార్టప్‌లోనే ఉంది, అందుకే ఆగట్లేదు" అనుకుని పక్కదారి పట్టినవాళ్ళని నేను చూశా. మెమరీలో మారిన పేజీల్ని డిస్క్‌కి దించేది చెక్‌పాయింటర్. 2010లో వచ్చిన 9.0 వెర్షన్ నుంచి స్టాండ్‌బై మీద రీడ్ క్వెరీలు కూడా నడుస్తాయి కాబట్టి ఒక్కో క్లయింట్ కనెక్షన్‌కీ ఒక్కో బ్యాకెండ్ ఉంటుంది. 9.2 నుంచి స్టాండ్‌బై కింద ఇంకో స్టాండ్‌బై తగిలించుకోవచ్చు, అలా ఉంటే దానికి వాల్ పంపే వాల్ సెండర్ అదనం. వీళ్ళందరి పైన పెద్ద, పోస్ట్‌మాస్టర్. అందరూ సర్దుకుని వెళ్ళాకే అది తలుపేస్తుంది.

మూడు రకాల షట్‌డౌన్, పేర్లతో వచ్చే గొడవ

స్మార్ట్, ఫాస్ట్, ఇమ్మీడియట్ అని మూడు మోడ్‌లు. ఫంక్షన్ హాల్ అనుకోండి. స్మార్ట్ అంటే కొత్తవాళ్ళని గేటు దగ్గరే ఆపేసి, లోపలున్న చుట్టాలు తమంతట తాము లేచి వెళ్ళేదాకా నిలబడటం. ఫాస్ట్ అంటే "టైమ్ అయిపోయింది, లేవండి" అని అందర్నీ పంపేసి, తర్వాత గిన్నెలు కడిగి, లెక్క రాసుకుని తాళం వేయడం. ఇమ్మీడియట్ అంటే మెయిన్ స్విచ్ ఆపేయడం, గిన్నెలు ఎక్కడివక్కడే, రేపు తలుపు తీసినోడు కడుక్కుంటాడు.

సిగ్నల్ లెక్కలో చూస్తే స్మార్ట్‌కి సిగ్‌టర్మ్, ఫాస్ట్‌కి సిగ్‌ఇంట్, ఇమ్మీడియట్‌కి సిగ్‌క్విట్. ఇక్కడో చిన్న గుంట ఉంది. ఏ ఆప్షనూ ఇవ్వకుండా ఉత్త కిల్ కమాండ్ కొడితే వెళ్ళేది సిగ్‌టర్మ్, అంటే మనకి తెలీకుండానే స్మార్ట్ అడిగినట్టు. 9.4 వెర్షన్ దాకా పీజీ_సీటీఎల్ డిఫాల్ట్ కూడా స్మార్టే ఉండేది, 9.5 నుంచి ఫాస్ట్ అయింది. పాత స్క్రిప్టుల్లో స్మార్ట్ అని ఎవరో ఎప్పుడో రాసిపెట్టింది ఇప్పటికీ అలాగే ఉండిపోవడం మామూలే.

మన దగ్గర చాలామంది ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కి వచ్చినవాళ్ళు కదా, వాళ్ళకి ఇంకో చిక్కు. ఒరాకిల్‌లో షట్‌డౌన్ ఇమ్మీడియట్ అంటే రోజూ వాడే శుభ్రమైన షట్‌డౌన్, అది పోస్ట్‌గ్రెస్ ఫాస్ట్‌కి దగ్గర. పోస్ట్‌గ్రెస్ ఇమ్మీడియట్ ఏమో ఒరాకిల్ షట్‌డౌన్ అబార్ట్‌కి దగ్గర. ఒకే మాట, రెండు ఊళ్ళలో రెండు అర్థాలు. చాలదన్నట్టు పోస్ట్‌గ్రెస్ లాగ్‌లోనే మూడో అర్థం కూడా ఉంది, ఫాస్ట్ షట్‌డౌన్ ఇచ్చినా చాలా వెర్షన్లలో "రీస్టార్ట్‌పాయింట్ స్టార్టింగ్: షట్‌డౌన్ ఇమ్మీడియట్" అని లైన్ పడుతుంది, అది చూసి "నేను ఫాస్ట్ కొడితే ఇమ్మీడియట్ అయిందేంటి" అని గుండె జారుతుంది. అక్కడ ఇమ్మీడియట్ అంటే పేజీల్ని నిదానంగా కాకుండా ఒక్క ఊపులో డిస్క్‌కి రాసేయడం, మోడ్‌తో దానికి సంబంధం లేదు.

లాగ్‌లో ఏ లైన్ దాకా వచ్చిందో చూస్తే సగం తేలిపోతుంది

షట్‌డౌన్ మొదలయ్యాక సర్వర్‌లోకి లాగిన్ అయి చూద్దామంటే కుదరదు, "ద డేటాబేస్ సిస్టమ్ ఈజ్ షటింగ్ డౌన్" అని గేటు దగ్గరే ఆపేస్తుంది. ఎవరు కనెక్ట్ అయి ఏం చేస్తున్నారో చూపిస్తూ అప్పటిదాకా మనకి కళ్ళులా ఉన్న పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూ సరిగ్గా అవసరమైనప్పుడే అందదు. మిగిలేవి లాగ్ ఫైల్, పీఎస్ లిస్టు. చాలావరకు ఆ రెండే చాలు.

ఫాస్ట్ షట్‌డౌన్‌లో లాగ్ వరుస ఇలా ఉంటుంది. ముందు "రిసీవ్డ్ ఫాస్ట్ షట్‌డౌన్ రిక్వెస్ట్", తర్వాత కాసేపటికి "షటింగ్ డౌన్", చివర్లో "డేటాబేస్ సిస్టమ్ ఈజ్ షట్ డౌన్". మొదటి లైనే లేదంటే సిగ్నల్ చేరనే లేదు, వేరే డేటా డైరెక్టరీకి పంపి ఉంటాం, ఒకే మెషీన్ మీద రెండు క్లస్టర్లు (వేర్వేరు డేటా డైరెక్టరీలతో నడిచే పోస్ట్‌గ్రెస్ సర్వర్లు) ఉన్న చోట ఇది భలే జరుగుతుంది. మొదటి లైన్ ఉండి రెండోది లేదంటే ఎవరో ఒక ప్రాసెస్, బ్యాకెండో స్టార్టప్‌నో వాల్ రిసీవర్‌నో, ఇంకా లేవలేదు. రెండోది వచ్చి మూడోది రాలేదంటే చుట్టాలు అందరూ వెళ్ళిపోయారు, ఇప్పుడు గిన్నెలు కడుగుతున్నారు, అంటే చెక్‌పాయింటర్ డిస్క్‌కి రాస్తోంది లేదా వాల్ సెండర్ కింది స్టాండ్‌బైకి మిగిలిన వాల్ పంపుతోంది. మొదటి లైన్‌లో ఫాస్ట్ బదులు "స్మార్ట్" అని ఉంటే మాత్రం ఇంకేం వెతకక్కర్లేదు, ఏదో కనెక్షన్ తెరిచి ఉంది.

చుట్టాల కోసం ఆగినప్పుడు

స్మార్ట్ మోడ్‌లో స్టాండ్‌బై ప్రవర్తన కాస్త విచిత్రంగా ఉంటుంది. మామూలు సెషన్లన్నీ అయిపోయాకే రికవరీ, స్ట్రీమింగ్ ఆగుతాయి, అప్పటిదాకా వాల్ వస్తూనే ఉంటుంది, ఆడుతూనే ఉంటుంది. బయటనుంచి చూస్తే "ఆపమన్నా పని చేస్తూనే ఉందేంటి" అనిపిస్తుంది, అది తప్పు కాదు, డాక్యుమెంటేషన్‌లోనే అలా ఉంటుందని రాసి ఉంది.

స్టాండ్‌బై మీద ఎవరుంటారు? రిపోర్టింగ్ టూల్స్, డ్యాష్‌బోర్డులు, పీజీబౌన్సర్ లాంటి పూలర్లు. పూలర్ ఉద్యోగమే కనెక్షన్లు తెరిచి ఉంచడం, అది తనంతట తను వెళ్ళదు. క్వెరీ ఏదీ నడవకపోయినా పీఎస్‌లో "ఐడిల్" అని పది ఇరవై లైన్లు కనిపిస్తాయి, స్మార్ట్‌కి ఐడిల్ అయినా చుట్టం చుట్టమే. ఇలా ఇరుక్కుంటే కంగారు అక్కర్లేదు, అదే సర్వర్‌కి మళ్ళీ ఫాస్ట్ పంపొచ్చు, స్మార్ట్ నుంచి ఫాస్ట్‌కి, ఫాస్ట్ నుంచి ఇమ్మీడియట్‌కి ఎక్కడానికి పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది. దిగడానికే ఒప్పుకోదు.

మరి స్మార్ట్ ఎందుకు ఉంచారు అంటే, గంటల తరబడి నడిచే రిపోర్ట్ మధ్యలో తెగకూడదు అనుకునేవాళ్ళకి అది మర్యాదైన దారి. ముందు పూలర్‌ని పక్కకి తిప్పి, ఆ ఒక్క రిపోర్ట్ అయ్యేదాకా ఆగేవాళ్ళకి స్మార్ట్ బాగానే పనిచేస్తుంది. పూలర్‌ని అలాగే వదిలేసి స్మార్ట్ కొట్టడం మాత్రం, నా ఉద్దేశంలో, తెల్లారేదాకా కూర్చోవడానికి సిద్ధపడటమే.

డిస్క్ కోసం ఆగినప్పుడు: ఒక లెక్క

ఎక్కువమంది భయపడేదీ, తొందరపడి చెడగొట్టేదీ ఇక్కడే. ఒక ఉదాహరణ తీసుకుందాం. షేర్డ్ బఫర్స్ (పేజీల్ని ఉంచుకునే మెమరీ) 16 జీబీ ఉన్న స్టాండ్‌బై, అందులో 9 జీబీ పేజీలు మారి ఉన్నాయి, ఇంకా డిస్క్‌కి దిగలేదు. పోస్ట్‌గ్రెస్ పేజీ 8 కేబీ, అవి డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి పాత డిస్క్ సెకనుకి 60 ఎంబీ రాస్తుందనుకుందాం. 9 జీబీ అంటే 9216 ఎంబీ, 60తో భాగిస్తే 154 సెకన్లు, రెండున్నర నిమిషాలు. పీజీ_సీటీఎల్ 60వ సెకనుకే చేతులెత్తేస్తుంది, అప్పటికి 3600 ఎంబీ రాయడం అయింది, ఇంకో 94 సెకన్లు ఆగితే అదే ఆగిపోయేది. ఆ 94 సెకన్ల మధ్యలో కిల్ మైనస్ 9 పడితే ఈ రీస్టార్ట్‌పాయింట్ పూర్తికానట్టే, మళ్ళీ లేచేటప్పుడు అంతకుముందు పూర్తయిన రీస్టార్ట్‌పాయింట్ దగ్గర్నుంచి వాల్ మొత్తం ఆడించుకుంటూ రావాలి. 94 సెకన్లు మిగిల్చుకోబోయి అరగంట పోగొట్టుకోవడం అంటే ఇదే. టైమౌట్‌ని కమాండ్‌లోనే పెంచుకోవచ్చు, 600 అని ఇచ్చి టీ తాగి రావచ్చు.

రీస్టార్ట్‌పాయింట్ అన్నాను, అదేంటంటే స్టాండ్‌బై తనంతట తను చెక్‌పాయింట్ చేయలేదు, ప్రైమరీ చేసిన చెక్‌పాయింట్ తాలూకు రికార్డు వాల్‌లో వచ్చినప్పుడు ఆ గుర్తు దగ్గర తనూ పేజీలన్నీ డిస్క్‌కి దించి "ఇక్కడిదాకా పక్కా" అని రాసుకుంటుంది. దీనివల్లే ఇంకో వింత పుడుతుంది. ఇదే సర్వర్ నిన్న 2 సెకన్లలో ఆగింది, ఇవ్వాళ రెండున్నర నిమిషాలు, సెట్టింగ్ ఏదీ మారలేదు, ఎందుకు? నిన్న ఆపినప్పుడు పోయినసారి రీస్టార్ట్‌పాయింట్ తర్వాత ప్రైమరీ నుంచి కొత్త చెక్‌పాయింట్ రికార్డు రాలేదు, గుర్తు లేదు కాబట్టి షట్‌డౌన్‌లో ఆ పనే వదిలేసి వెళ్ళిపోయింది. ఇవ్వాళ కొత్త రికార్డు వచ్చింది కాబట్టి పని చేసింది. నిన్న త్వరగా ఆగింది గానీ లేచేటప్పుడు వాల్ ఆడించాల్సి వచ్చి ఉంటుంది, ఎక్కడో ఒకచోట కట్టాల్సిందే.

ఇది తెలిసినవాళ్ళు చేసేది ఏంటంటే షట్‌డౌన్‌కి ముందే ప్రైమరీ మీద చెక్‌పాయింట్ కమాండ్ ఇచ్చి, ఆ రికార్డు స్టాండ్‌బైకి చేరి ఆడాక, స్టాండ్‌బై మీద కూడా అదే కమాండ్ ఇస్తారు, రికవరీలో ఉన్నప్పుడు అది రీస్టార్ట్‌పాయింట్‌గా మారుతుంది. సర్వర్ నడుస్తుండగానే భారం దిగిపోతుంది, తర్వాత ఫాస్ట్ కొడితే మిగిలేది చాలా తక్కువ. ప్రైమరీ మీద పగటి లోడ్ ఉన్నప్పుడు మాత్రం ఆ చెక్‌పాయింట్ అక్కడి డిస్క్‌ని కాసేపు ఊపేస్తుందని గుర్తుంచుకోవాలి.

ఇంకొకళ్ళ కోసం ఆగినప్పుడు

స్టాండ్‌బై కింద ఇంకో స్టాండ్‌బై ఉంటే, షట్‌డౌన్‌లో వాల్ సెండర్ మిగిలినదంతా కిందికి పంపి, అవతలివాడు అందింది అనేదాకా ఉంటుంది. అవతలి మెషీన్ వేలాడిపోయినా, మధ్యలో ఫైర్‌వాల్ కనెక్షన్‌ని చెప్పకుండా మింగేసినా ఆ "అందింది" రాదు. వాల్ సెండర్ టైమౌట్ డిఫాల్ట్ 60 సెకన్లు, కాబట్టి మామూలుగా నిమిషంలో తేలిపోతుంది, ఎవరైనా దాన్ని సున్నా చేసిపెట్టి ఉంటే చాలాసేపు పట్టొచ్చు. వచ్చిన వాల్‌ని తనూ వేరేచోట దాచేలా ఆర్కైవ్ మోడ్ "ఆల్వేస్" అని పెట్టిన స్టాండ్‌బైల్లో ఆర్కైవ్ కమాండ్ ఇరుక్కున్నా ఇదే తీరు. ఇవి అంత తరచుగా కనబడవు.

అసలైన తలనొప్పి కెర్నల్‌తో. పీఎస్‌లో ప్రాసెస్ స్టేట్ దగ్గర డి అని ఉంటే అది డిస్క్ నుంచో ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీదుగా వాడే డిస్క్) నుంచో జవాబు కోసం కెర్నల్ లోపల కూర్చుని ఉందన్నమాట. అప్పుడు ఫాస్ట్ వినదు, ఇమ్మీడియట్ వినదు, మామూలుగా కిల్ మైనస్ 9 కూడా వినదు, సిగ్నల్ క్యూలో ఉంటుంది గానీ ఆ ఐఓ తిరిగొచ్చేదాకా అది పనిచేయదు. పోస్ట్‌గ్రెస్‌ని తిట్టి లాభం లేదు, స్టోరేజ్ టీమ్‌కి ఫోన్ చేయాలి, లేదా మెషీన్ రీబూట్. వాల్ ఫైళ్ళు తెచ్చే రిస్టోర్ కమాండ్ స్క్రిప్ట్ ఎన్ఎఫ్ఎస్ మీద ఇలా ఇరుక్కుంటే పోస్ట్‌గ్రెస్ వెళ్ళిపోయినా ఆ స్క్రిప్ట్ అనాథలా మిగిలి, సర్వీస్ ఇంకా ఆగుతూనే ఉన్నట్టు సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసుల్ని నడిపేది) కనబడుతుంది.

ఇమ్మీడియట్ కొట్టొచ్చా, కిల్ మైనస్ 9 కొట్టొచ్చా: రెండు వాదనలు

కొట్టొచ్చు అనేవాళ్ళ వాదన బలమైనదే. స్టాండ్‌బై దగ్గర సొంతంగా పుట్టిన డేటా ఏదీ లేదు, అంతా ప్రైమరీ నుంచి వచ్చిందే, కరెంటు పోయినా తట్టుకునేలా కట్టిన సర్వర్ అది, లేచాక వాల్ ఆడించుకుని దారిలో పడుతుంది. పైగా ముందు చూసినట్టు ఫాస్ట్ కూడా ఒక్కోసారి రీస్టార్ట్‌పాయింట్ చేయకుండానే వెళ్తుంది, అలాంటప్పుడు రెండింటికీ లేచే సమయంలో పెద్ద తేడా ఉండదు. 9.4 నుంచి ఇమ్మీడియట్‌లో పోస్ట్‌మాస్టర్ తన పిల్ల ప్రాసెస్‌లకి 5 సెకన్లు టైమ్ ఇచ్చి, అప్పటికీ వెళ్ళనివాటిని తనే సిగ్‌కిల్‌తో (కిల్ మైనస్ 9 పంపే సిగ్నల్ ఇదే) తీసేస్తుంది, కాబట్టి ఇల్లు ఖాళీ అయ్యేదాకా పెద్ద దగ్గరుండి చూసుకున్నట్టే.

వద్దనేవాళ్ళు చెప్పేది ఏంటంటే లేచాక డేటా మళ్ళీ ఒక నిలకడైన స్థితికి చేరేదాకా స్టాండ్‌బై రీడ్ క్వెరీలు తీసుకోదు, వాల్ ఎక్కువుంటే అది చాలాసేపు. డ్యాష్‌బోర్డులన్నీ దాని మీదే ఉన్న చోట అది కూడా డౌన్‌టైమే. ఇదీ నిజమే.

నాకు మాత్రం ఈ ఇద్దరూ ఇమ్మీడియట్‌నీ కిల్ మైనస్ 9నీ ఒకే గాట కట్టడం నచ్చదు. పోస్ట్‌మాస్టర్‌కే మైనస్ 9 కొడితే పిల్లల్ని పంపడానికి పెద్ద ఉండదు, షేర్డ్ మెమరీ తీసేవాళ్ళు ఉండరు, పోస్ట్‌మాస్టర్ డాట్ పిడ్ అలాగే మిగులుతుంది. పిల్ల ప్రాసెస్ ఏదైనా ఇంకా మిగిలి ఉంటే, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు పాత షేర్డ్ మెమరీ ఇంకా వాడుకలో ఉందని పోస్ట్‌గ్రెస్ అడ్డం పడుతుంది, అది మంచికే. అక్కడ "ఈ పిడ్ ఫైల్ డిలీట్ చేస్తే పోతుందిలే" అని ఎవరైనా చేస్తే, పాత ప్రాసెస్ ఒకటి బతికుండగానే కొత్త సర్వర్ అదే డేటా మీద లేస్తుంది. డేటా పోతుంది అని గ్రూప్‌లో భయపడినాయన భయం అక్కడ నిజమవుతుంది, కిల్ దగ్గర కాదు, ఆ ఫైల్ డిలీట్ దగ్గర.

మనం కొట్టకపోయినా మైనస్ 9 పడే చోట్లున్నాయి. డాకర్ స్టాప్ డిఫాల్ట్‌గా 10 సెకన్లు ఆగి సిగ్‌కిల్ పంపుతుంది, కుబర్‌నెటిస్ 30 సెకన్లు, సిస్టమ్‌డీ డిఫాల్ట్ 90. పైన లెక్కలోని 154 సెకన్లు ఈ మూడింటిలో దేనికీ సరిపోవు. అందుకే పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లో ఇచ్చిన సర్వీస్ ఫైల్‌లో టైమౌట్ ఇన్ఫినిటీ అని ఉంటుంది, సిగ్నల్ కూడా సిగ్‌ఇంట్ అని రాసి ఉంటుంది.

ఆగింది, మళ్ళీ లేచింది

నాకు ఎక్కువ టైమ్ తిన్నది వీటిలో ఏదీ కాదు. ఒక క్లయింట్ దగ్గర స్టాండ్‌బైని ఫాస్ట్‌తో ఆపుతున్నా, పీఎస్ చూస్తే మళ్ళీ ఉంది, మళ్ళీ ఆపుతున్నా, మళ్ళీ ఉంది, మూడోసారి ఆగట్లేదని టికెట్‌లో కూడా రాసేశా. తర్వాత చూస్తే ప్రాసెస్ నంబర్ ప్రతిసారీ వేరే, అంటే అది ప్రతిసారీ చక్కగా ఆగుతోంది, పోస్ట్‌గ్రెస్ సర్వర్లు పడకుండా కాపలా కాసే పట్రోని అనే టూల్ దాన్ని వెంటనే లేపుతోంది. పట్రోని ఉన్న చోట ముందు పట్రోనిని పాజ్ చేయాలి, లేదా పట్రోని సర్వీస్‌నే ఆపాలి, పోస్ట్‌గ్రెస్‌ని దాని చాటున ఆపితే అది ఊరుకోదు, దాని పనే అది.

ఇంకో వైపు ఆపింది స్టాండ్‌బైనే అయినా ఫోన్ ప్రైమరీ వాళ్ళ దగ్గర్నుంచి రావచ్చు. సింక్రనస్ స్టాండ్‌బై అదొక్కటే అయితే అది ఆగిన క్షణం నుంచి ప్రైమరీలో కమిట్‌లు దాని జవాబు కోసం నిలబడిపోతాయి, కాబట్టి ముందే సింక్రనస్ లిస్టులోంచి దాని పేరు తీసి కాన్ఫిగ్ రీలోడ్ చేయాలి. రెప్లికేషన్ స్లాట్ (స్టాండ్‌బైకి ఇంకా అందని వాల్‌ని ప్రైమరీ దాచి ఉంచే ఏర్పాటు) ఉంటే స్టాండ్‌బై పడుకున్నంతసేపూ ప్రైమరీ డిస్క్‌లో వాల్ పేరుకుంటూనే ఉంటుంది, వెర్షన్ 13 నుంచి దానికి పరిమితి పెట్టుకునే సెట్టింగ్ ఉంది, డిఫాల్ట్‌గా మాత్రం పరిమితి లేదు.

చివరికి నిజంగా శుభ్రంగా ఆగిందా అన్న అనుమానం ఉంటే పీజీ_కంట్రోల్‌డేటా కమాండ్ నడిపి క్లస్టర్ స్టేట్ లైన్ చూడొచ్చు. "షట్ డౌన్ ఇన్ రికవరీ" అంటే స్టాండ్‌బై పద్ధతిగా ఆగింది. సర్వర్ లేదు గానీ స్టేట్ ఇంకా "ఇన్ ఆర్కైవ్ రికవరీ" అనే ఉందంటే, ఎవరో మెయిన్ స్విచ్ ఆపేశారు.